అరవై రెండు గొంతులు

చీమ కొండెక్కిందంట, చిటికెలో దిగిందంట,
దిగి దిగి... ఏదో ఏదో... ఏనుగు అడిగిందంట,
మెల్లగ నడవవె చీమా, నేల అదురుతుందంట.

నడిమి మాట పోయింది. చిన్నప్పుడు తాడు గెంతుతూ పాడేవాళ్లం. దిగి దిగి ఆ చీమ ఏం చేసిందో చెప్పగలిగినవాళ్లు ఇప్పుడెవరూ నా దగ్గర లేరు. మా మనవడు నోరు విప్పినప్పుడల్లా మాత్రం ఆ పాట నా నాలుక మీదికి వచ్చి కూర్చుంటుంది.

వాడు కాలేజీలో రెండో ఏడు. వీధిలో వాణ్ణి రేడియో అంటారు. పేరు పెట్టినవాళ్లెవరో గానీ, ఆపే మీట పెట్టడం మరిచిపోయారు.

గురువారం నాడు కాలేజీ నుంచి ఉత్తరం వచ్చింది. ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని కనుక, ఒక్కో అక్షరం కింద వేలు పెట్టుకుంటూ చదివాను. మీ అబ్బాయి హాజరు నూటికి ముప్పై ఒకటి, సోమవారం పదిగంటలకు ఇంటి పెద్దలెవరైనా వచ్చి ప్రిన్సిపాల్ గారికి తగిన కారణం చెప్పకపోతే పరీక్షకు కూర్చోనివ్వం, అని ఉంది. ముప్పై ఒకటి దగ్గర నా చదువే తప్పేమోనని మూడుసార్లు చదివాను. తప్పలేదు.

నా కొడుకు బస్సుల షెడ్డులో మెకానిక్కు. పోయిన ఏడాది వీడు ఒక పరీక్ష తప్పినప్పుడే చెప్పాడు, "ఇంకోసారి కాలేజీ నుంచి మాట వచ్చిందంటే పుస్తకాలు కట్టగట్టి అటక మీద పెట్టించి, నా వెంట షెడ్డుకి తీసుకుపోతాను" అని. వాడు తక్కువ మాట్లాడతాడు. మాట్లాడిందల్లా చేస్తాడు. తండ్రి మాటలన్నీ దాచిపెట్టి కొడుక్కి ఇచ్చినట్టుంది దేవుడు.

మనవడు నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "నాయనమ్మా, సోమవారం దాకా నాన్నకి చూపించకు. ఈలోగా నేనేదో ఒకటి చూస్తాను." సరేనన్నాను. ఆ ఉత్తరం రెండు రోజులు నా పెట్టెలో బట్టల అడుగున పడుకుంది. కొడుకు ఎదురొస్తే నాకే తడబాటుగా ఉండేది, ఉత్తరం నాకే వచ్చినట్టు.

శనివారం సాయంత్రం మా అబ్బాయి చొక్కాలు తేవడానికి నేను ఇస్త్రీ దుకాణానికి బయల్దేరితే, మనవడు "నేనూ వస్తా" అన్నాడు. ఎందుకో నాకు తెలుసు. పక్కనే టీ కొట్టు, రెంటికీ కలిపి ఒకటే బల్ల, ఆ బల్ల మీద రోజూ అయిదింటికి రిటైరైన బస్సు కండక్టర్ గారు వచ్చి కూర్చుంటారు. పెద్దమనిషి, తెల్ల మీసం, గట్టి గొంతు. వీడి మేనమామనని చెబితే ఎవరైనా నమ్ముతారు.

మేం వెళ్లేసరికి ఇస్త్రీ ఆవిడ కాలేజీ మూట ముందేసుకుని ఉంది. ఆవిడ గుడ్డలకి పేర్లు రాయదు. ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క రంగు దారం, మెడపట్టీ లోపల రెండు కుట్లు. కాలేజీ మాస్టర్ల ల్యాబు కోట్లన్నిటికీ నీలం దారం. ఆవిడ ఎక్కువ మాట్లాడదు. మీరు చెప్పేది వింటున్నట్టు కూడా కనపడదు. ఇస్త్రీపెట్టె ముందుకీ వెనక్కీ పోతూనే ఉంటుంది.

"ఏం రేడియో, ఇవాళ్టి వార్తలేంటి?" అన్నాడు టీ కొట్టాయన.

"వార్తలంటే నవ్వుతాలు కాదు బాబాయ్, నేను చాలా కష్టంలో ఉన్నాను," అని కండక్టర్ గారి పక్కన కూలబడ్డాడు మావాడు. "నేను గొప్పలు చెప్పుకునేవాణ్ణి కాదని మీకు తెలుసు కదా."

టీ కొట్టాయన వడకట్టడం ఆపి నా వైపు చూశాడు. నేను కాళ్ల వైపు చూసుకున్నాను.

"మా క్లాసులో జలుబుగాడని ఒకడున్నాడు బాబాయ్, వాడికి పన్నెండు నెలలూ జలుబే, ఒకరోజు దానికి జ్వరం కూడా తోడొచ్చి, ఒరేయ్ ఈ ఒక్కపూటకి కెమిస్ట్రీలో నా నంబరు పిలిస్తే నువ్వు పలుకు అన్నాడు, సరే, స్నేహితుడు కదా, మాస్టారు పద్నాలుగు అని పిలవగానే ముక్కు ఇలా పట్టుకుని ‘బ్రెజెంట్ సార్’ అన్నాను, ఆయన రిజిస్టరులోంచి తలెత్తలేదు సరికదా, ‘ఆవిరి పట్టు నాయనా’ అన్నారు."

"ఇందులో వింతేముంది," అన్నారు కండక్టర్ గారు. "అందరూ చేసేదే."

"అక్కడితో ఆగితే అందరూ చేసేదే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఈ సంగతి పాకింది. మర్నాడు ముగ్గురు. ఒకడు నిద్రమొహంగాడు, వాడు పలికితే సగం పలుకూ సగం ఆవలింతా, అదీ చేశాను. ఒకడు పలికే ముందు రెండుసార్లు గొంతు సవరించుకుంటాడు, అదీ చేశాను. మూడోవాడు అసలు పలకడు, బల్ల మీద వేలితో కొడతాడు, మాస్టారికది అలవాటు. వారం తిరిగేసరికి మా వరస మొత్తం, రెండో వారానికి ఆడపిల్లల వరసలు కూడా వచ్చి మొహమాటంగా అడిగితే కాదనలేక వాళ్లవీ మొదలుపెట్టాను, మీరు నమ్మరు గానీ బాబాయ్, ఇరవై ఆరో నంబరు అమ్మాయి పలుకుతూ పుస్తకం మూస్తుంది, ఆ మూసిన చప్పుడుతో సహా నోటితోనే."

"పుస్తకం చప్పుడు నోటితోనా," అన్నాడు టీ కొట్టాయన.

"గట్టి అట్ట పుస్తకం," అన్నాడు మావాడు.

ఇస్త్రీ ఆవిడ నోట్లో నీళ్లు పట్టి ఒక కోటు మీద చిమ్మింది.

"ఇంకేముంది, మొన్న మంగళవారం ఏమైందో తెలుసా, ఊళ్లో ఏదో మ్యాచ్ ఉందని క్లాసు మొత్తం మాయం. అరవై రెండు మంది, తలా ఒక చీటీ నా చేతిలో పెట్టి పోయారు. నేనొక్కణ్ణే అరవై మూడోవాణ్ణి. మాస్టారు వచ్చారు, పాపం పెద్దాయన, బట్టతల, సీసా అడుగంత అద్దాలు, మొదటి వరస దాటి చూపు ఆనదు. పాఠం మొదలుపెట్టారు. క్లాసంటే ఒకే మూల నుంచి గొంతులొస్తే అనుమానం రాదూ? అందుకని బల్లల కింద పాకుతూ తొమ్మిదోవాడి చోట తొమ్మిదోవాడిలా దగ్గి, ముప్పయ్యోవాడి చోట ముప్పయ్యోవాడిలా పెన్ను కింద పడేసి, మధ్యమధ్యలో మూకుమ్మడిగా నవ్వి..."

"మూకుమ్మడిగా ఒక్కడివే ఎలా నవ్వావురా?" అన్నారు కండక్టర్ గారు.

"పొట్టలోంచి మగపిల్లలు, ముక్కులోంచి ఆడపిల్లలు. అదొక సాధన బాబాయ్. ఇంతలో మాస్టారు ప్రశ్న అడిగారు. పందొమ్మిదోవాడు జవాబు చెప్పాడు. నలభై ఒకటోవాడు తప్పన్నాడు. మాటామాటా పెరిగింది. ఏడోవాడు మధ్యలో దూరాడు, వాడిది మొదటి నుంచీ అంతే, ఉన్నచోట ఉండడు. నేను అందరికీ పలుకుతున్నాను గానీ, బాబాయ్, ఒక దశలో ఎవరు ఎవర్ని ఏమంటున్నారో నాకే అందలేదు. పందొమ్మిదోవాడు ఏడ్చాడు."

"నువ్వే ఏడ్చావు," అన్నాడు టీ కొట్టాయన.

"వాడి తరఫున. మాస్టారే వచ్చి వాణ్ణి ఓదార్చారు. ఓదార్చి, ఇంత అల్లరి క్లాసుని ముప్పై ఏళ్లలో చూడలేదు, తల పగిలిపోతోంది, ఒక కప్పు టీ తాగొస్తా, కదలకుండా కూర్చోండి అని వెనక తలుపు నుంచి వెళ్లారు. అరవై రెండు మందీ ‘సరే సార్’ అన్నారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

కండక్టర్ గారి చేతిలో టీ చల్లారిపోవడం నేను చూశాను. మా చీమ కొండ ఎక్కుతూనే ఉంది. నాకు భయం, ముచ్చటా రెండూ కలుగుతున్నాయి. ఇంత కడుతున్నాడే, ఈ తెలివి పరీక్షలో ఏ మూలకి పోతుందో అని.

"ముందు తలుపు నుంచి ప్రిన్సిపాల్ గారొచ్చారు బాబాయ్. మాస్టారేరీ అన్నారు. నేను బోర్డు వెనక దూరి, మాస్టారి గొంతుతో, ‘ఇక్కడే ఉన్నానండీ, బోర్డు వదులైతే వెనక నుంచి పట్టుకుని పాఠం చెబుతున్నాను’ అన్నాను. ఎంత బాధ్యత అని ఆయన కళ్లనీళ్లు పెట్టుకుని, మొదటి బల్ల మీద కూర్చుని పాఠం విని, రెండు పేజీలు రాసుకున్నారు. ఎంతకీ లేవరే. నాకేమో బోర్డు మోసి మోసి చేతులు పడిపోతున్నాయి. ఆ గోడకే మైకు ఉంది, అన్ని గదుల్లోకీ వినపడేది. ప్రిన్సిపాల్ గారి గొంతుతో, ‘విద్యార్థులకు, అధ్యాపకులకు, నేటికి సెలవు’ అన్నాను. కాలేజీ మొత్తం బిలబిలమంటూ ఖాళీ. ప్రిన్సిపాల్ గారు కాసేపు ఆలోచించారు. ‘గొంతు నాదే. ఎప్పుడు చెప్పానబ్బా’ అనుకుని, గొడుగు తీసుకుని ఆయనా ఇంటికి వెళ్లిపోయారు."

టీ కొట్టాయన నవ్వి నవ్వి పొయ్యి తగ్గించాడు. కండక్టర్ గారి మీసం కూడా కదిలింది.

"నవ్వండి, మీకేం. అసలు ఏడవాల్సింది ఇక్కడుంది. మాస్టారు టీ తాగొచ్చారు. ఆయన హాజరు గంట చివర్లో తీసుకుంటారు. ఒకటి, ప్రెజెంట్ సార్. రెండు, ప్రెజెంట్ సార్. అలా అరవై రెండు దాకా, ఒక్కటంటే ఒక్క గొంతు తప్పకుండా పలికాను. అప్పుడు పిలిచారు, అరవై మూడు. నేను. నోరు తెరిచాను బాబాయ్. గాలి. చుక్క గొంతు మిగల్లేదు. చెయ్యెత్తుదామంటే బోర్డు మోసిన చేతులు. మాస్టారు రెండుసార్లు పిలిచి, ‘వీడు ఎప్పుడూ ఇంతే’ అని సున్నా చుట్టారు. ఇలా ఒకరోజు కాదు, ఇన్ని నెలలుగా అందరి హాజరూ నేను నిలబెట్టి, నాది మాత్రం నూటికి ముప్పై ఒకటి. అడగండి, నాయనమ్మని అడగండి, ఉత్తరం వచ్చింది."

అందరూ నా వైపు తిరిగారు. "ఉత్తరం నిజమే," అన్నాను. అంతకంటే నా నోటి నుంచి ఏం రాగలదు.

అప్పుడు వాడి గొంతు మారింది. పందొమ్మిదోవాడిది కాదు, మాస్టారిది కాదు. నిజంగా వాడిదే, కొంచెం బొంగురుగా. "సోమవారం పదింటికి ఇంటి పెద్దలెవరైనా రావాలట బాబాయ్. నాన్నకి తెలిస్తే ఈ ఏడుతో సరి, షెడ్డే. నాయనమ్మకి అబద్ధం పలకదు. మీరు ఒక్క పూట మా మేనమామగా వచ్చి, ‘మావాడికి గొంతు జబ్బు, పలికినా వినపడదు’ అని ఒక్క ముక్క చెబితే చాలు."

కండక్టర్ గారు మీసం దువ్వుకున్నారు. "మేనమామంటే... నీ తల్లికి అన్నని అవ్వాలా, తమ్ముణ్ణా?"

"అన్నే. మీకు తగ్గట్టు."

"ఏ చొక్కా వేసుకోమంటావు?"

మనవడి ఏడాది దక్కేటట్టే ఉంది. నా కొడుక్కి దాచిన ఆ ఉత్తరం మాత్రం బతికినన్నాళ్లూ నా పెట్టెలోనే ఉంటుంది.

"అల్లుడూ," అంది ఇస్త్రీ ఆవిడ. వీడు ఆవిణ్ణి అత్తా అంటాడు, ఆవిడ అల్లుడంటుంది. "మంగళవారం మాస్టారు బోర్డు మీద ఏ చేత్తో రాశార్రా?"

"అదేం ప్రశ్న అత్తా? కుడిచేత్తో. ముత్యాల్లాంటి అక్షరాలు."

"బట్టతలాయనేనా?"

"ఆయనే. మాకు ఆయనొక్కరే కదా కెమిస్ట్రీకి."

ఆవిడ పెట్టె పక్కకి నిలబెట్టింది. నీలం దారం మూటలోంచి ఒక తెల్లకోటు తీసి బల్ల మీద పరిచింది. నడుం దగ్గర సన్నగా కుట్టిన కోటు, ఆడవాళ్లది. ఎడమచేతి అంచు పట్టుకుని వెలుగులోకి తిప్పింది. అక్కడ బోర్డు పెన్ను సిరా, నల్లగా, అరచెయ్యంత మేర.

"ఆయన రిటైరై నాలుగు నెలలు దాటింది. వీడ్కోలు సభకి కోటు నేనే ఇస్త్రీ చేశాను, గుండీ ఊడితే కుట్టిచ్చాను. అప్పటి నుంచీ ఆ పాఠం చెప్పేది ఈ కోటావిడ. ఎడమచేతివాటం. రాసుకుంటూ పోతుంటే చెయ్యి రాసినదాన్నే తుడుచుకుంటూ పోతుంది. వారానికి మూడు కోట్లు, మూడింటికీ ఇదే మరక. ఎన్ని ఉతుకులైనా పోదు." కోటు మళ్లీ సర్దుకుంది. "క్లాసులో కూర్చున్నవాడికి ముందు కనపడేది ఆ చెయ్యే కదరా."

మావాడు కోటు వైపు చూశాడు. నోరు తెరిచాడు. ఏదో ఒకటి వస్తుందనుకున్నాను, ఎడమచేతివాటం ఆవిడ కుడిచేతిని కూడా నోటితోనే చేశానంటాడనుకున్నాను. ఏమీ రాలేదు.

కండక్టర్ గారు చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగి, గ్లాసు బల్ల మీద పెట్టారు. కోప్పడలేదు. "అబ్బాయ్, ముప్పై ఏళ్లు టిక్కెట్టు లేనివాళ్లని బస్సు దింపాను. అసలు ఎక్కనివాణ్ణి ఎలా దింపాలో నాకు తెలీదు. ఎక్కించడం అంతకన్నా తెలీదు. అది మీ నాన్న పని."

ఇస్త్రీ ఆవిడ నా కొడుకు చొక్కాలు మడతపెట్టి మనవడి చేతుల్లో పెట్టింది. "వేడిగా ఉన్నాయి, నలపకు," అంది, అంతే.

మా వీధి ఎంత పొడుగో నాకు ఆరోజు తెలిసింది. మామూలుగా వాడి మాటల్లోనే ఇల్లు వచ్చేస్తుంది. సగం దూరం వచ్చాక నేనే అడిగాను, "నాలుగు నెలలా?"

"ఊఁ."

"ఎందుకురా?"

"ఆ బట్టతల మాస్టారు రిటైరయ్యే ముందు ఒకరోజు నన్ను లేపి ప్రశ్న అడిగారు నాయనమ్మా. చిన్న ప్రశ్నే. నాకు రాలేదు. రాదని చెప్పడానికి కూడా గొంతు రాలేదు. అందరూ నవ్వారు. మర్నాడు మానేశాను. ఆ మర్నాడు, నిన్న ఎందుకు రాలేదని అడుగుతారని మానేశాను. అలా."

"మరి రోజూ సంచీ వేసుకుని ఎక్కడికి పోయావు?"

"బస్సెక్కి ఆఖరి స్టాపు దాకా. మళ్లీ అదే బస్సులో వెనక్కి. కిటికీ పక్కన కూర్చుని జనం ఎలా మాట్లాడతారో వినేవాణ్ణి." చొక్కాలు ఇంకో చేతికి మార్చుకుని, "నాన్న బాగుచేసిన బస్సులే. బానే నడుస్తున్నాయి," అన్నాడు.

నాకు నవ్వు రాబోయి, రాలేదు. రెండు ఆఖరి స్టాపుల మధ్య నాలుగు నెలలు తిరిగిన పిల్లవాడు, ఎక్కడా దిగడానికి ధైర్యం లేక. రోజూ అన్నం డబ్బా నేనే కట్టిచ్చాను. రోజూ ఖాళీ డబ్బా తెచ్చి ఇచ్చి, ఆనాటి క్లాసు కబుర్లు చెప్పేవాడు. నేను నోరు తెరుచుకుని వినేదాన్ని. విన్నంతసేపూ చెప్పేవాడికి బాగుంటుందని నాకు తట్టనేలేదు.

ఇంటికి చేరాం. నా కొడుకు అప్పుడే వచ్చినట్టున్నాడు, పెరట్లో కుళాయి దగ్గర చేతుల జిడ్డు రుద్దుకుంటున్నాడు. ఆ జిడ్డు వదలడానికి పావుగంట పడుతుంది. నేను లోపలికి వెళ్లి, పెట్టె తెరిచి, ఉత్తరం తెచ్చి మనవడి చేతిలో పెట్టాను.

"నేను చెప్పనా?" అన్నాను. "నేనైతే మెల్లగా చెబుతాను. రెండు రోజులు దాచింది కూడా నేనే కదా."

వాడు ఉత్తరం విప్పి ముప్పై ఒకటి వైపు చూశాడు. పెరట్లో కుళాయి ఆగింది. తండ్రి తువ్వాలు దులిపిన చప్పుడు వినపడింది. వాడు చొక్కాలు మంచం మీద నలగకుండా పెట్టి, నా చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా తీసుకెళ్లి, చెవిలో అన్నాడు:

"నేనే చెప్తాను నాయనమ్మా. నువ్వు పక్కన కూర్చో చాలు. ఒకటిని రెండు చేస్తున్నాననిపిస్తే గిల్లు."